వైట్‌బోర్డు పాఠాన్ని టైమ్‌లైన్‌పై ఎడిట్ చేయడం ఎలా: రికార్డింగ్ నుంచి ఎక్స్‌పోర్ట్ దాకా

ట్యూషన్లు చెప్పేవాళ్లు, కోచింగ్ సెంటర్లలో లెక్కలు, సైన్స్ చెప్పేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "పాఠం బాగానే చెప్పాం, రికార్డు కూడా అయింది. తడబడినవీ, చెరిపి మళ్లీ రాసినవీ తీసేద్దామని కూర్చుంటే వీడియో అతుకులబొంతలా తయారవుతోంది. దీనికి పద్ధతంటూ ఉందా?"

ఉంది. మనిషి కెమెరా వైపు చూసి మాట్లాడే వీడియోలో మాట అతికితే చాలు. వైట్‌బోర్డు వీడియోలో మాటతో పాటు బోర్డు కూడా అతకాలి. కట్‌కు ముందు బోర్డు మీద మూడు లైన్లుండి, కట్ దాటగానే ఐదు లైన్లు కనిపిస్తే, మీ మాట ఎంత సాఫీగా సాగినా పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. ఆ రెండు లైన్లు ఎక్కణ్నుంచి వచ్చాయో వెతుక్కుంటాడు. కాబట్టి కట్ ఎక్కడ వేయాలో మాట విని కాదు, బోర్డు చూసి తేల్చుకోవాలి.

ఇక్కడ ఉదాహరణలకు షాట్‌కట్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. ఉచితంగా దొరుకుతుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. కెడెన్‌లైవ్, డావిన్చీ రిజాల్వ్ లాంటి వేరే ఎడిటర్లు వాడేవాళ్లకు కీబోర్డు కీలు వేరుగా ఉంటాయి కానీ పని వరస ఇదే. గోడకున్న బోర్డును ఫోన్‌తో తీసినా, ట్యాబ్‌పై రాస్తూ స్క్రీన్ రికార్డు చేసినా ఈ పద్ధతి పనికొస్తుంది. తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

## 1. రికార్డు చేసేటప్పుడే ఎడిటింగ్‌కు దారి వేసుకోండి

ఎడిటింగ్‌లో గంటలు తినేసే సమస్యల్లో చాలావాటికి రికార్డింగ్‌లో అర నిమిషం జాగ్రత్త సరిపోతుంది. వీటిని అలవాటు చేసుకోండి.

తప్పు దొర్లితే రెండు చప్పట్లు. రికార్డింగ్ ఆపొద్దు. రెండు చప్పట్లు కొట్టండి, రెండు మూడు సెకన్లు మౌనంగా ఉండండి, మళ్లీ మొదలుపెట్టండి. టైమ్‌లైన్‌లో, అంటే ఎడిటర్‌లో వీడియో, ధ్వని సమయం ప్రకారం వరసగా పరుచుకుని కనిపించే పట్టీలో, చప్పట్లు రెండు నిలువు గీతల్లా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. గంట రికార్డింగ్‌లోనూ తప్పులెక్కడున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది.

బోర్డును వెనక్కి తీసుకెళ్లండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. తప్పు రాసిన అంకె ఒక్కటే చెరిపి దిద్దొద్దు. ఆ తప్పు తర్వాత రాసినదంతా చెరిపి, తప్పుకు ముందు బోర్డు ఎలా ఉందో అలా చేసి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చెప్పండి. డిజిటల్ బోర్డయితే రబ్బరు వాడకుండా అన్‌డూ నొక్కుతూ వెనక్కి వెళ్లండి. బోర్డు సరిగ్గా పాత రూపానికి వస్తుంది, కట్ కనిపించదు.

వాక్యం మధ్యలోంచి మొదలుపెట్టకండి. "...కాబట్టి నూట ఇరవై" అని అందుకుంటే గొంతు స్థాయి పాత ముక్కతో కలవదు. వాక్యం పూర్తిగా చెప్పండి.

చెరిపే ముందు పక్కకు జరగండి. నిండిన బోర్డు ముందు నుంచి తప్పుకుని నాలుగైదు సెకన్లు ఆగండి. పిల్లలు స్క్రీన్‌షాట్ తీసుకునేది అప్పుడే. ఎడిటింగ్‌లో అతుకు (తప్పు రాత మీద కప్పే సరైన బొమ్మ ముక్క) వేయాల్సి వస్తే మీకు దొరికే శుభ్రమైన ఫ్రేమ్, అంటే వీడియోలోని ఒక్క నిశ్చల చిత్రం, కూడా అదే.

మొదట్లో ఐదు సెకన్ల మౌనం. గదిలో ఫ్యాన్, ఏసీ హోరు మాత్రమే ఉన్న ముక్క ఒకటి ఉండాలి. ఎందుకో ధ్వని గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

ఫోన్‌తో తీసేవాళ్లు ఇవి సరిచూసుకోండి:

- ఫోన్ స్టాండుకు బిగించి ఉందా? పాఠం అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు.
- ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేశారా? చాలా ఫోన్లలో తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే లాక్ అవుతుంది. లేకపోతే మీరు బోర్డు ముందుకు వచ్చినప్పుడల్లా వెలుతురు మారిపోతుంది, ఏ రెండు ముక్కలూ కలవవు.
- వీడియోలో నల్లటి పట్టీలు పాకుతున్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. కెమెరా సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్ పెట్టండి, లేదా షట్టర్‌ను సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ చేయండి.
- ఏరోప్లేన్ మోడ్ వేశారా?

స్క్రీన్ రికార్డు చేసేవాళ్లకు ఓబీఎస్ స్టూడియో బాగుంటుంది. ఎమ్‌కేవీ ఫైలు రూపంలో రికార్డు చేయండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది. ఎమ్‌పీ4 ఫైలు అలా మధ్యలో ఆగిపోతే చాలాసార్లు తెరుచుకోదు. పాఠం అయ్యాక ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్‌తో క్షణాల్లో ఎమ్‌పీ4 చేసుకోవచ్చు, నాణ్యత తగ్గదు. ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది) 30 పెట్టండి. బోర్డు పాఠానికి 60 అనవసరం.

## 2. ఫైళ్లు సర్దుకోండి

ఒక్కో పాఠానికి ఒక ఫోల్డర్. అందులో అసలు రికార్డింగ్, బొమ్మలు, ధ్వని, పూర్తయిన వీడియో, ఇలా విడివిడిగా ఫోల్డర్లు. షాట్‌కట్ ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు, వీడియో ఎక్కడుందో ఆ చిరునామా మాత్రమే ఉంటుంది. ఎడిటింగ్ మొదలుపెట్టాక ఫైలు పేరు మార్చినా, చోటు మార్చినా ప్రాజెక్టు దాన్ని వెతుక్కుంటుంది.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కు కేబుల్‌తోనే ఎక్కించండి. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే కుదించేస్తుంది, మార్కర్ గీతలు మసకబారతాయి. వాట్సాప్ తప్ప దారి లేకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

షాట్‌కట్ తెరిచి కొత్త ప్రాజెక్టుకు పేరు పెట్టి, వీడియో మోడ్ 1080పీ, 30 ఫ్రేములు ఎంచుకోండి. 25 ఫ్రేముల్లో తీసి ఉంటే 25 పెట్టండి. తర్వాత ఫైలు తెరవండి.

ఫోన్ వీడియో అయితే ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటారా అని షాట్‌కట్ అడగొచ్చు. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేట్‌ను పెంచుతూ తగ్గిస్తూ రికార్డు చేస్తాయి. ఆ ఫైలును అలాగే వాడితే పాఠం చివరికొచ్చేసరికి మాట ముందు, చెయ్యి వెనక అవుతుంది. మార్చమనే చెప్పండి. ఫైలు పెద్దదవుతుంది, కాస్త సమయం పడుతుంది, అయినా ఈ మెట్టు దాటేయొద్దు.

ల్యాప్‌టాప్ పాతదై వీడియో ఆగి ఆగి ఆడుతుంటే సెట్టింగ్స్‌లో ప్రీవ్యూ స్కేలింగ్‌ను 540కి గానీ 360కి గానీ తగ్గించండి. చూసేటప్పుడు మాత్రమే నాణ్యత తగ్గుతుంది, చివరి వీడియోలో కాదు.

## 3. టైమ్‌లైన్, కీలు

ట్రాకులు (టైమ్‌లైన్‌లో ఒకదానిపై ఒకటి ఉండే వరసలు) ఎక్కువ పెట్టుకోవద్దు. నాలుగు చాలు:

- అడుగున ఒకటో వీడియో ట్రాక్: పాఠం
- దాని పైన రెండోది: అతుకు బొమ్మలు
- అన్నిటికన్నా పైన మూడోది: అక్షరాలు, శీర్షికలు
- ఒక ఆడియో ట్రాక్: తర్వాత విడిగా రికార్డు చేసిన మాటలు

టైమ్‌లైన్ మెనూలో ఆడియో వేవ్‌ఫార్మ్‌లు (ధ్వని హెచ్చుతగ్గులు చూపే గీతలు) కనిపించేలా పెట్టుకోండి. మీ చప్పట్లు కనిపించేది అందులోనే.

ఈ కీలు చేతికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే:

- ఎస్: ప్లేహెడ్ (వీడియోలో ఇప్పుడు ఎక్కడున్నామో చూపే నిలువు గీత) ఉన్నచోట క్లిప్‌ను రెండు ముక్కలు చేస్తుంది
- ఎక్స్: ఎంచుకున్న ముక్కను తీసేసి, తర్వాతిది ముందుకు జరుపుతుంది
- జెడ్: ముక్కను తీసేసి ఖాళీ అలాగే ఉంచుతుంది
- జే, కే, ఎల్: వెనక్కి, ఆపు, ముందుకు. ఎల్ మళ్లీ నొక్కితే వేగం పెరుగుతుంది
- కుడి, ఎడమ బాణాలు: ఒక్కో ఫ్రేమ్
- ఆల్ట్‌తో కలిపి బాణాలు: తర్వాతి కట్‌కు, ముందటి కట్‌కు
- ఎమ్: మార్కర్ (టైమ్‌లైన్‌పై పెట్టుకునే గుర్తు)

ఎక్స్‌కూ జెడ్‌కూ తేడా బాగా గుర్తుంచుకోండి. పై ట్రాకుల్లో అతుకులు పెట్టాక అడుగు ట్రాకులో ఎక్స్ కొడితే, రిపుల్ ఆల్ ట్రాక్స్ (అన్ని ట్రాకులనూ కలిపి జరిపే సెట్టింగ్) ఆన్‌లో లేకపోతే పాఠం ముందుకు జరుగుతుంది, అతుకులు పాత చోటే ఉండిపోతాయి. అందుకే వరస ఇలా పెట్టుకోండి: ముందు కోతలన్నీ, తర్వాతే అతుకులు, చివర అక్షరాలు.

## 4. మొదటిసారి చూసేటప్పుడు కత్తి పట్టొద్దు

పాఠమంతా ఒకసారి చూడండి, ఒక్క కట్ కూడా వేయకుండా. ఆగాల్సిన చోట ఎమ్ నొక్కి మార్కర్ పెట్టి, దానికి చిన్న పేరివ్వండి: "తీసెయ్", "అంకె తప్పు", "చెరపడం", "కొత్త అంశం". పనిలో పనిగా పాఠంలో భాగాలు ఎక్కడెక్కడ మొదలవుతున్నాయో తేలిపోతుంది.

కంగారుపడి మొదటి తప్పు దగ్గరే కోయడం మొదలుపెడితే ఒక ప్రమాదం ఉంది. ఆరో నిమిషంలో మీరు తీసేసిన మాటను పదిహేనో నిమిషంలో "ఇందాక చెప్పుకున్నాం కదా" అని గుర్తుచేసి ఉంటారు. పూర్తిగా చూస్తే తప్ప అది తెలియదు.

## 5. ముతక కోత: చివరి నుంచి మొదటికి

ఇప్పుడు "తీసెయ్" అని పెట్టుకున్నవన్నీ తీసేయండి. చివరి మార్కర్‌తో మొదలుపెట్టి వెనక్కి రండి. ఎక్స్‌తో తీసేసిన ప్రతిసారీ దాని తర్వాతి భాగమంతా ముందుకు జరుగుతుంది. చివరి నుంచి కోస్తే ఇంకా చూడాల్సిన భాగం సమయాలు మారవు, కాగితం మీద రాసుకున్న నిమిషాలు సరిగ్గానే ఉంటాయి.

ఈ దశలో ఫ్రేమ్ ఫ్రేమ్ లెక్క చూడొద్దు. చప్పట్లు, దగ్గు, ఫోన్ మోగడం, ఎవరో తలుపు తట్టడం లాంటివి అటూ ఇటూ అర సెకను వదులుగా ఉంచి తీసేయండి. సన్నని పని తర్వాత ఉంది.

## 6. బోర్డు కలవడం

ఇక్కడ తొందరపడొద్దు. పాఠం బాగుందా బాగాలేదా అన్నది ఎక్కువగా ఈ మెట్టులోనే తేలుతుంది.

ప్రతి కట్ దగ్గరా ప్లేహెడ్ ఆపి, బాణం కీలతో ఒక ఫ్రేమ్ ముందుకు, ఒక ఫ్రేమ్ వెనక్కి మార్చి మార్చి చూడండి. బోర్డు మీద ఏదైనా గంతు వేస్తే వెంటనే కంటికి తగులుతుంది. వచ్చే పరిస్థితులు మూడు.

బోర్డు మారలేదు, మాట మాత్రమే తడబడింది. ఇది తేలిక. కానీ మీరు కుడివైపు నిలబడి ఉన్న ఫ్రేమ్ నుంచి ఎడమవైపున్న ఫ్రేమ్‌కు దూకొద్దు. మీరు దాదాపు అదే చోట ఉన్న రెండు ఫ్రేములు వెతికి కలపండి. అలాంటివి దొరకకపోతే, బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెట్టే క్షణంలో కట్ వేయండి. చూసేవాడి కన్ను అప్పుడు మార్కర్ మొన మీద ఉంటుంది, మనిషి కదలిక పెద్దగా పట్టించుకోదు.

బోర్డు మారింది, వెనక్కి తెచ్చారు. ఒకటో మెట్టులో చెప్పినట్టు చెరిపి మళ్లీ మొదలుపెట్టి ఉంటే, తప్పు రాయడానికి ముందు ఫ్రేమ్‌కు, చెరిపాక వచ్చిన శుభ్రమైన ఫ్రేమ్‌ను కలపండి. గోడ బోర్డు మీద డస్టర్ మరక కొంచెం కనిపిస్తుంది. ఆ మరక మీదుగా మీ చెయ్యి వచ్చే క్షణంలో కట్ పెడితే తెలియదు.

బోర్డు మారింది, వెనక్కి తేలేదు. కట్‌కు రెండువైపులా బోర్డు వేరు. ఇక్కడ నేరుగా కట్ వేస్తే గంతు వేస్తుంది. మధ్యలో రాసిన భాగాన్ని తీసేయకుండా వేగంగా చూపించడం మంచి దారి (ఎనిమిదో మెట్టు చూడండి). అదీ కుదరకపోతే రెండు క్లిప్పుల అంచులను అర సెకను మేర ఒకదాని మీదికి ఒకటి లాగండి. షాట్‌కట్ దాన్ని మెల్లగా కరిగే మార్పుగా చేస్తుంది. కొత్త లైను మెల్లగా తేలినట్టు వస్తుంది, పిల్లలు "ఇక్కడ కొత్తది వచ్చింది" అని గమనిస్తారు. కానీ ప్రతి కట్‌కూ ఇదే వాడితే అసలు మార్పు ఏదో గుర్తుపట్టలేరు. బోర్డు నిజంగా మారినచోట మాత్రమే వాడండి.

డిజిటల్ బోర్డులో మనిషి అడ్డు రాడు, కాబట్టి కట్‌ను దాచే చెయ్యి కూడా ఉండదు. అక్కడ కర్సర్‌ను చూడండి. కట్ దగ్గర కర్సర్ ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎగిరితే బోర్డు అంతా కలిసినా అతుకు బయటపడుతుంది.

## 7. బోర్డు మీద అంకె తప్పయితే

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. శాతాల పాఠం. 800 రూపాయల వస్తువుపై 15 శాతం తగ్గింపు. మూడో లైనులో 800 × 15 ÷ 100 = అని రాసి, నోటితో "నూట ఇరవై" అంటూ చేత్తో 102 అని రాశారు. నాలుగో లైను 800 − 102 అని రాశాక తప్పు కనిపించింది. రెండు చోట్లా 102 చెరిపి 120 చేసి, 680 అని జవాబు రాశారు.

టైమ్‌లైన్‌లో చూస్తే 04:10 దగ్గర 102 పడింది, 04:38 దగ్గర నాలుగో లైను వచ్చింది, 04:52 నుంచి 05:05 దాకా చెరపడం, దిద్దడం. ఆ 13 సెకన్లు మాత్రం తీసేస్తే 102 కాస్తా చూస్తుండగానే 120 అయిపోతుంది. 04:09 నుంచి మొత్తం తీసేస్తే నాలుగో లైను ఎక్కణ్నుంచో ఊడిపడుతుంది. కట్‌తో తెగని ముడి ఇది. అతుకు వేయాలి. మాట సరిగ్గానే ఉండటం మన అదృష్టం.

ఇలా చేయండి:

1. 04:52 నుంచి 05:05 దాకా ఉన్న ముక్కను ముందే తీసేయండి. ఇప్పుడు కట్ 04:52 దగ్గర ఉంటుంది.
2. కట్ దాటాక, మీరు అడ్డు లేకుండా రెండు 120లూ కనిపించే ఫ్రేమ్ దగ్గర ఆగండి. ప్రీవ్యూ స్కేలింగ్ తీసేసి, ఆ ఫ్రేమ్‌ను బొమ్మగా ఎక్స్‌పోర్ట్ చేసి, బొమ్మల ఫోల్డర్‌లో దాచండి.
3. ఆ బొమ్మను రెండో వీడియో ట్రాక్‌పై పెట్టండి. మొదట తెరంతా కప్పేస్తుంది, కంగారుపడకండి.
4. దానికి మాస్క్: సింపుల్ షేప్ ఫిల్టర్ వేసి, దీర్ఘచతురస్రాన్ని మూడో లైనులోని 120 మాత్రమే కనిపించేంత చిన్నది చేయండి. సాఫ్ట్‌నెస్ కొంచెం పెంచితే అంచు తెలియదు. కెమెరా కదల్లేదు కాబట్టి అతుకు సరిగ్గా పాత అంకె మీదే కూర్చుంటుంది.
5. అతుకు మొదలు: 102 రాస్తున్న చెయ్యి ఆ అంకెను కప్పి ఉన్న చివరి ఫ్రేమ్ దాటగానే. అతుకు ముగింపు: 04:52 దగ్గరి కట్.
6. నాలుగో లైనులోని 102కు అదే బొమ్మతో రెండో అతుకు. దానికి ఇంకో వీడియో ట్రాక్ కలుపుకోండి.

అతుకు ఉన్నంతసేపూ ఆ చోటు మీదుగా మీ చెయ్యి గానీ నీడ గానీ వెళ్తుందేమో చూడండి. వెళ్తే చెయ్యి సగం తెగినట్టు కనిపిస్తుంది. చెయ్యి దాటే ఆ కొన్ని ఫ్రేముల్లో అతుకును ఎస్‌తో కోసి జెడ్‌తో తీసేయండి. ఆ క్షణంలో పాత అంకె మీద చెయ్యే ఉంటుంది కాబట్టి చాలావరకు కనిపించదు.

డిజిటల్ బోర్డులో దాచే చెయ్యి లేదు. అక్కడ 102 అని రాస్తున్న సెకను రెండు సెకన్ల బొమ్మను ముందటి ఫ్రేముతో కప్పి, ఆ తర్వాత 120 అతుకును ఒక్కసారిగా చూపించండి.

తప్పు అంకెలో కాక ఆలోచనలోనే దొర్లితే, అంటే కూడాల్సిన చోట తీసివేసి అదే వివరించి ఉంటే, అతుకులతో కాలం వృథా చేసుకోవద్దు. ఆ భాగం మళ్లీ రికార్డు చేయండి. ఇక లెక్క మధ్యలో టీచరే తప్పు కనిపెట్టి, ఎందుకు తప్పో చెప్పి దిద్దిన సందర్భాలు కొన్ని ఉంటాయి. వాటిని ఉంచేయడమే మంచిదని నా అభిప్రాయం. జవాబు ఎలా సరిచూసుకోవాలో పిల్లలకు అంత బాగా చూపించే చోటు పాఠంలో ఇంకొకటి ఉండదు.

## 8. మౌనం, రాత వేగం

ఇంటర్వ్యూ వీడియోల్లో మౌనం కనిపిస్తే కోసేస్తారు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఉంచాల్సినవి:

- ప్రశ్న అడిగాక వచ్చే మౌనం. మూడు నాలుగు సెకన్లు ఉండాలి.
- ముఖ్యమైన సూత్రం రాశాక, నోట్స్‌లో ఎక్కించుకునే సమయం.
- బోర్డు చెరిపే ముందు నిండు బోర్డు కనిపించే సమయం. రికార్డింగ్‌లో అది లేకపోతే, శుభ్రమైన ఫ్రేమ్‌ను బొమ్మగా తీసి నాలుగు సెకన్లు అక్కడ పెట్టండి.

తీసేయాల్సినవి: బోర్డు చెరపడం, మార్కర్ మూత వెతుక్కోవడం, పుస్తకంలో తర్వాతి లెక్క చూసుకోవడం, ఒకే మాట రెండుసార్లు చెప్పడం.

వేగం పెంచాల్సినవి: మాట లేకుండా సాగే రాత. పట్టిక గీయడం, పటం వేయడం, పెద్ద లెక్క మొత్తం ఎత్తి రాయడం. ఆ ముక్కను రెండు వైపులా ఎస్‌తో విడదీసి, ప్రాపర్టీస్‌లో వేగాన్ని 2 చేయండి. పటమైతే 4 దాకా పెంచొచ్చు. అంతకు మించితే చూసేవాడికి వరస అందదు. ధ్వనిని ఆ ముక్కలో పూర్తిగా తగ్గించండి, వేగంగా గీస్తున్న మార్కర్ కీచుమనడం భరించలేం. తర్వాత ఖాళీ మిగిలితే దాన్ని ఎంచుకుని ఎక్స్‌తో మూసేయండి.

మాట్లాడుతూ రాసిన చోట వేగం పెంచొద్దు. రాత ఆలస్యమై మాట ముందే అయిపోతే, రాత పూర్తయ్యేదాకా మౌనంగానే వదలండి. పిల్లలు కూడా మీతో పాటు రాసుకుంటూ ఉంటారు.

## 9. ధ్వని అతకడం

బోర్డు కలిసినా ధ్వని దగ్గర అతుకు బయటపడుతుంది. ఇవి చూసుకోండి.

కట్ దగ్గర "టక్" అని వినిపిస్తే, ముందు ధ్వనిని క్లిప్ నుంచి విడదీసి, ఆ ధ్వని ముక్క పై మూలనున్న గుండ్రటి పిడిని ఒకటి రెండు ఫ్రేములు లోపలికి లాగి ఫేడ్ ఇవ్వండి, అంటే ధ్వని మెల్లగా తగ్గేలా, పెరిగేలా చేయండి. విడదీయకుండా లాగితే చిత్రానికి కూడా ఫేడ్ పడుతుంది.

మాట తీసేసిన చోట పూర్తి నిశ్శబ్దం వస్తే వీడియో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. మొదట్లో ఐదు సెకన్ల మౌనం రికార్డు చేయమన్నది ఇందుకే. ఆ ఫ్యాన్ హోరు ముక్కను ఖాళీల్లో పరవండి. వేగం పెంచిన రాత కింద కూడా అదే.

తర్వాత రికార్డు చేసిన మాట కలపాల్సి వస్తే అదే గదిలో, అదే మైకుతో, అదే దూరం నుంచి చెప్పండి. ఫ్యాన్ అప్పుడు తిరిగి ఉంటే ఇప్పుడూ తిరగాలి.

గొంతు స్థాయికి పీక్ మీటర్ తెరిచి పెట్టుకోండి. మాట గట్టిగా ఉన్నచోట మైనస్ 12 డెసిబెల్స్‌కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఉండేలా ట్రాక్ మొత్తానికి గెయిన్ ఫిల్టర్‌తో సర్దండి. సున్నాను తాకితే గొంతు పగిలినట్టు వస్తుంది. బోర్డు వైపు తిరిగి చెప్పిన వాక్యాలు తగ్గిపోతే ఆ ముక్కలకు మాత్రం విడిగా కొంచెం పెంచండి. కాలర్ మైకు ఉంటే ఈ బెడదే ఉండదు.

## 10. బోర్డు రంగు, జూమ్, అక్షరాలు

తెల్ల బోర్డును చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తాన్ని బూడిద రంగుకు దించేస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఫిల్టర్‌లో బోర్డు మీది ఖాళీ చోటు ఎంచుకోండి, తర్వాత బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ కొంచెం పెంచండి. ఆకుపచ్చ, ఎరుపు రాతలు పాలిపోకముందే ఆగండి. ఈ ఫిల్టర్లను ముక్క ముక్కకూ కాకుండా ట్రాక్ మొత్తానికి వేయండి. అతుకు బొమ్మలున్న ట్రాకులకు కూడా అవే విలువలు ఇవ్వండి, లేకపోతే అతుకు తెల్లటి మచ్చలా కనిపిస్తుంది.

జూమ్ తక్కువగా వాడండి. సైజ్, పొజిషన్ ఫిల్టర్‌తో చిన్న రాతను దగ్గరగా చూపొచ్చు. కానీ జూమ్ చేసినప్పుడు ముందటి లైను తెర బయటికి పోతే పిల్లలు లెక్క వరస కోల్పోతారు.

రాసే అక్షరాలను తెర అడుగున పెట్టొద్దు. ఫోన్‌లో ప్లే బటన్లు, సబ్‌టైటిళ్లు వచ్చేది అక్కడే.

## 11. ఎక్స్‌పోర్ట్‌కు ముందు చూసుకోవాల్సినవి

- ప్రతి కట్‌కూ వెళ్లి బోర్డు ముందూ వెనకా కలిసిందా?
- అతుకులన్నీ వాటి కట్ దగ్గరే ముగిశాయా?
- ట్రాకుల్లో తెలియకుండా మిగిలిన ఖాళీలున్నాయా? అవి నల్ల తెరలుగా వస్తాయి.
- బోర్డు మీది ప్రతి అంకె, మీ నోటి మాట ఒక్కటేనా? ధ్వని ఆపేసి ఒకసారి, చిత్రం చూడకుండా వింటూ ఒకసారి సరిచూడండి.
- స్క్రీన్ రికార్డింగ్‌లో నోటిఫికేషన్, ఎవరిదైనా ఫోన్ నంబరు, పిల్లల పేర్లున్న జాబితా కనిపిస్తోందా?

ఎక్స్‌పోర్ట్‌లో యూట్యూబ్ ప్రీసెట్ ఎంచుకుంటే చాలు. ముందు ఒక నిమిషం ముక్క మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోన్‌లో వేసి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. రాత చదవగలిగితేనే మొత్తం ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టండి.

యూట్యూబ్‌లో పెడుతుంటే "కొత్త అంశం" మార్కర్ల సమయాలను వివరణలో రాసి అధ్యాయాలు చేయొచ్చు. మొదటిది 0:00 కావాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. కోతలన్నీ అయ్యాక మార్కర్లు పాఠంతో పాటు జరిగాయో లేదో చూసుకుని, పూర్తయిన వీడియోలో కనిపించే సమయాలే రాయండి.

## 12. తరచూ వచ్చే ఇబ్బందులు

మాట, చిత్రం క్రమంగా దూరమవుతున్నాయి. ఫ్రేమ్ రేట్ మారుతూ ఉన్న ఫైలు. రెండో మెట్టుకు వెళ్లి మార్చిన ఫైలు వాడండి. టైమ్‌లైన్‌పై ధ్వనిని అటూ ఇటూ జరిపితే ఒకచోట కుదిరి ఇంకోచోట తప్పుతుంది.

మొదటి నుంచీ ఒకే తేడా ఉంది. ఇది మైకు ఆలస్యం. ధ్వనిని విడదీసి, మొదటి చప్పట్ల మోతను చేతులు కలిసిన ఫ్రేమ్‌తో కలపండి. ఒక్కసారి జరిపితే చివరిదాకా సరిపోతుంది.

అతుకు ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకు పడింది. మధ్యలో స్టాండు కదిలింది. బొమ్మకు సైజ్, పొజిషన్ ఫిల్టర్ వేసి సర్దండి. అతుకు బొమ్మను వీలైనంత దగ్గరి నిమిషంలోంచి తీసుకోండి.

బోర్డు మీద బల్బు మెరుపు రాతను మింగేసింది. ఎడిటింగ్‌లో అది తిరిగి రాదు, ఆ చోట అసలు రాతే రికార్డు కాలేదు. ఆ లైనును మూడో ట్రాక్‌పై అక్షరాలుగా రాయండి. తర్వాతి పాఠానికి దీపాన్ని బోర్డుకు ఎదురుగా కాక పక్క నుంచి పెట్టండి.

ప్రాజెక్టు తెరిస్తే ఫైళ్లు కనిపించడం లేదంటోంది. ఫోల్డర్ చోటు మారింది. షాట్‌కట్ చూపించే జాబితాలో ఒక్కో ఫైలు ఎక్కడుందో చూపండి, కట్‌లన్నీ అలాగే తిరిగొస్తాయి.

పని పూర్తయ్యాక అసలు రికార్డింగ్, ప్రాజెక్టు ఫైలు, అతుకు బొమ్మలు ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా వేరే డిస్కులోకి కాపీ చేసి ఉంచండి. సిలబస్‌లో ఒక లెక్క మారినా, ఏ విద్యార్థో ఒక తప్పు పట్టుకున్నా, పాఠమంతా కాకుండా ఆ ముక్క ఒక్కటి మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు.